గుంజకు బిడ్డా, ముడి బిగుస్తది

మా బాపమ్మ తన చివరి ఆరేళ్లూ కళ్లు కనబడకుండానే నూలు చిక్కులు తీసింది.

వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. ముందు గదిలో జంపఖానాలు నేసే మగ్గం. వెనక వాకిట్లో రంగు వేసిన చిలపలు, అంటే నూలు చుట్టలు, ఆరేసే దండెం. రెంటికీ మధ్య గోడకు ఆనుకుని, గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని బాపమ్మ. నీటికాసుల వల్ల ముందు ఒక కన్ను పోయింది, తర్వాత రెండోది. ఆపరేషన్ చేయించినా పోయిన చూపు తిరిగి రాలేదు. అయినా రంగు తొట్టిలోంచి తీసి పిండి ఆరేసేటప్పుడు చిక్కుపడిన చిలపలన్నీ ఆమె ఒళ్లోకే చేరేవి. ఇంట్లో కళ్లున్న వాళ్లం నలుగురం ఉండి కూడా, చిక్కు గట్టిదైతే ఆమెకే ఇచ్చేవాళ్లం.

నేను థియరెటికల్ ఫిజిక్స్ చేస్తాను. ఇరవై ఏళ్లకు పైగా డీఎన్‌ఏ చిక్కులు, ముడులు, మెలికల మీదే నా పని. పోయిన నెల హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను మళ్లీ ఆ గోనెపట్టా దగ్గర కూర్చోబెట్టింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆ ప్రశ్న దాకా రావాలంటే ముందు నుంచి చెప్పుకుంటూ రావాలి.

చిన్నప్పుడు నాకు అప్పజెప్పిన పని అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టడం. రాట్నం తిప్పడం ఎవరికైనా వస్తుంది. దారానికి పురి ఎంత ఉండాలో చేతికి తెలియడానికే ఏళ్లు పడుతుంది. పురి తక్కువైతే పోగు విడిపోయి తెగుతుంది. ఎక్కువైతే ఇంకో గొడవ. బిగుతుగా పట్టుకున్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, కాస్త వదులు చేశామో లేదో తన మీద తానే గిర్రున పెనవేసుకుని చిన్న తోకలా బయటికి పొడుచుకొస్తుంది. ఇంట్లో ఎవరి దగ్గరైనా దారపు ఉండ ఉంటే ఇప్పుడే చేసి చూడండి. మూరెడు దారం రెండు కొనలూ పట్టుకుని ఒకవైపే ఓ యాభై చుట్లు తిప్పి, చేతులు దగ్గరికి తీసుకురండి. నడుమ ఆ తోక లేస్తుంది. ఇప్పుడు ఒక కొన వదిలేయండి. దారం గింగిరాలు తిరిగి పురి మొత్తం పోతుంది.

"కొన వదలకు బిడ్డా" అనేది బాపమ్మ. అప్పటికి ఆమెకు చూపుంది. ఆ మాట వెనక ఉన్న లెక్కను గణితంలో 1969లో వైట్, 1971లో ఫుల్లర్ డీఎన్‌ఏకి పనికొచ్చే రూపంలోకి తెచ్చారు. రెండు కొనలూ కదలకుండా ఉన్నంతవరకు దారంలోని పురి, దారం తన చుట్టూ తాను వేసుకున్న మెలిక, ఈ రెండూ కలిపితే వచ్చే మొత్తం మారదు. ఒకటి తగ్గితే రెండోది పెరగాల్సిందే. డీఎన్‌ఏ కూడా రెండు పోగులు కలిపి పురి పెట్టిన దారమే. రెండు పోగుల్నీ నిచ్చెన మెట్లలాంటి జతలు కలుపుతాయి, సుమారు పదిన్నర మెట్లకు ఒక చుట్టు.

ఇంటర్ వరకు అందరిలాగే ఎంసెట్ అన్నారు. నాకు ర్యాంకు మంచిది రాలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి ఇంట్లో డబ్బుల్లేవు. అప్పటికే మా కాక మగ్గం మీద బతకలేక భీవండి పవర్‌లూముల్లోకి పోయాడు. బీఎస్సీలో చేరాను, తర్వాత కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్. చదివినంత కాలం మాకు ఘనపదార్థం అంటే స్ఫటికం. అణువులన్నీ వరసలో నిలబడి ఉంటాయి, వాటిని లెక్క కట్టొచ్చు. మా ఇంట్లో నేను రోజూ చూసే నూలు, గంజి, జిగురు, పెరుగు, రక్తం, వీటికి ఏ పుస్తకంలోనూ చోటు లేదు. 2000లో లైబ్రరీలో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే పియర్ జిల్ ద జెన్ అనే ఫ్రెంచి ఫిజిసిస్టు నోబెల్ ఉపన్యాసం కనబడింది. 1991లో ఇచ్చింది. దాని పేరే 'సాఫ్ట్ మ్యాటర్', అంటే మెత్తని పదార్థం. పాలిమర్లు, సబ్బు పొరలు, జిగురు ద్రవాలు, అన్నీ అందులో ఉన్నాయి. నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ తెల్లవారుజామున బాపు పెద్ద గిన్నెలో కలిపే గంజి కూడా ఫిజిక్సేనని ఆ రోజు తెలిసింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మెత్తనిది అంటే ఏంటో ఒక అంకెతో చెప్పొచ్చు. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి అణువునీ వేడి అటూ ఇటూ కుదుపుతూనే ఉంటుంది. ఆ కుదుపు శక్తి సుమారు 4.1 పికోన్యూటన్-నానోమీటర్లు. ఇనుప కడ్డీ ఆ కుదుపుని లెక్కచేయదు. డీఎన్‌ఏ లెక్కచేస్తుంది. సుమారు 50 నానోమీటర్ల ముక్క వరకు అది పుల్లలా నిటారుగా నిలబడుతుంది, అంతకంటే పొడవైతే వేడే దాన్ని వంచేస్తుంది. మెత్తని పదార్థాలన్నీ ఇలా వేడి కుదుపులకు లొంగే అంచున ఉంటాయి. ప్రాణం ఉన్నవన్నీ దాదాపు ఆ అంచు మీదే పనిచేస్తాయి.

2001లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్లాను. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో మారి, రాత్రంతా జనరల్ బోగీలో కూర్చుని. బోర్డు మీద రాయమన్న లెక్క తాగుబోతు నడక: ప్రతి అడుగూ ఏదో ఒక దిక్కుకి వేస్తూ N అడుగులు వేస్తే మొదలుపెట్టిన చోటు నుంచి ఎంత దూరంలో ఉంటాడు? అడుగుల సంఖ్యకి వర్గమూలం. అది చెప్పాను. అయితే మనిషి డీఎన్‌ఏకి దీన్ని పెట్టి చూడమన్నారు. ఒక కణంలోని డీఎన్‌ఏ మొత్తం సుమారు రెండు మీటర్లు, 46 ముక్కలుగా, అంటే ఒక్కో ముక్క సగటున నాలుగు సెంటీమీటర్లు. అడుగు 100 నానోమీటర్లు అనుకుంటే నాలుగు లక్షల అడుగులు, వర్గమూలం 630 పైచిలుకు. అంటే దాన్ని స్వేచ్ఛగా వదిలేస్తే 60 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది. కణ కేంద్రకం అడ్డంగా కొలిస్తే పది మైక్రాన్లు ఉంటే ఎక్కువ. అందులో అలాంటివి 46 పట్టాలి! సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఇంతింత పోగులు అంత చోట్లో కుక్కితే చిక్కుపడవా సార్?" అని నేనే ఎదురు అడిగాను. తర్వాత నాకు గైడ్ అయిన ఆయన ఆ ప్రశ్న విని నవ్వి, "నీ పీహెచ్‌డీ అదే" అన్నారు.

చిక్కుపడతాయి. ఆ చిక్కులు విప్పే ఎంజైములు కణంలో ఉన్నాయి. వాటి పేరు టోపోఐసోమరేసులు. 1971లో జేమ్స్ వాంగ్ ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో మొదటిది కనిపెట్టారు. వాటిలో రెండో రకం చేసే పని చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ పని నేను చూశాను. చిక్కు మరీ గట్టిపడితే బాపమ్మ ఏం చేసేదంటే, ఒక పోగు తెంపి, అవతలి పోగును ఆ సందులోంచి దాటించి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని తెగిన రెండు కొనలనూ పురి పెట్టి అతికేసేది. అతుకు ఎక్కడుందో మగ్గం మీద కూడా కనబడేది కాదు. ఆ ఎంజైమ్ సరిగ్గా అదే చేస్తుంది. డీఎన్‌ఏ రెండు పోగులనూ కోసి, తెగిన కొనలు జారిపోకుండా తానే గట్టిగా పట్టుకుని, ఇంకో డీఎన్‌ఏ భాగాన్ని ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తుంది. ఒక్కసారి చేయడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు రెండు ఖర్చు పెడుతుంది.

ఇది లేకపోతే బతుకు సాగదు. ఇ.కోలై డీఎన్‌ఏ కొనలు లేని వలయం, 46 లక్షల మెట్లు. చాపితే ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, బ్యాక్టీరియా పొడవేమో రెండు మైక్రాన్లు. దాన్ని నకలు తీసే యంత్రం సెకనుకు దాదాపు వెయ్యి మెట్లు విప్పుకుంటూ పోతుంది. అంటే ముందున్న దారంలోకి సెకనుకు 90కి పైగా చుట్ల పురి ఎక్కుతూ ఉంటుంది. కొన వదిలేద్దామంటే కొనే లేదు. ఆ పురి ఎప్పటికప్పుడు తీసేసే ఎంజైమ్ ఒక్క నిమిషం ఆగినా నకలు తీయడం అక్కడే బిగుసుకుపోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్లు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల దెబ్బకొట్టేది ఇక్కడే. బ్యాక్టీరియా ఎంజైమ్ డీఎన్‌ఏని కోసి పట్టుకున్న సమయంలో, తిరిగి అతికించకుండా దాన్ని బిగించేస్తుంది. మా అమ్మకు ఆ మందు రాసినప్పుడు చీటీ చూసి నేను ఆమెకు ఇదంతా చెప్పాను. "అంటె పోగు తెంపినంక అతుకనియ్యదా? పాపం" అంది అమ్మ, ఆ పురుగు మీద జాలిపడి.

నా పని ఈ ఎంజైమ్ చుట్టూ తిరగడానికి కారణం 1997లో వచ్చిన ఒక పేపర్. రిబెంకోవ్, వోలోగాడ్‌స్కీ, కొజరెల్లి, వాళ్ల బృందం రాసింది. డీఎన్‌ఏ పోగులు ఒకదాన్నొకటి యథాలాపంగా దాటుకుంటూ పోతే కొన్ని వలయాలు ముడిపడతాయి, కొన్ని విడిపోతాయి, చివరికి ముడులు ఒక నిష్పత్తి దగ్గర నిలబడతాయి. అది స్టాటిస్టికల్ మెకానిక్స్ నుంచి లెక్కకట్టొచ్చు. వాళ్లు ఎంజైమ్ వేసి చూస్తే ముడులు ఆ లెక్క కంటే తగ్గాయి. కాస్త కూస్త కాదు, కొన్ని సందర్భాల్లో 80 రెట్ల వరకు. అంటే ఎంజైమ్ యథాలాపంగా కోయడం లేదు. ముడి విప్పే కోతలు ఎక్కువ, ముడి వేసే కోతలు తక్కువ చేస్తోంది.

ఇందులో వింత ఏంటంటే, ఆ ఎంజైమ్ చిన్నది. పది నానోమీటర్ల పైచిలుకు. ముడి మాత్రం మొత్తం వలయానిది. వేల నానోమీటర్ల దారాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తే తప్ప అది ముడిపడిందో లేదో చెప్పలేం. తన ఒళ్లోకి వచ్చిన రెండు చిన్న ముక్కల్ని తప్ప ఇంకేమీ ముట్టుకోలేని ఎంజైమ్‌కి మొత్తం సంగతి ఎలా తెలుస్తోంది? 2002లో మా గ్రూపు మీటింగులో ఈ పేపర్ నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పాక వారం రోజులు నిద్ర పట్టలేదు.

కంప్యూటర్‌లో వలయం కట్టాను. పూసలదండలాంటి గొలుసు, వేడి కుదుపులు, అక్కడక్కడ ఎంజైమ్. రకరకాల నియమాలు పెట్టి ఏ నియమంతో ముడులు తగ్గుతాయో చూడాలి. ఎనిమిది నెలలు నడిపాను. ముడులు చక్కగా తగ్గాయి. గ్రాఫులు గీశాను, పేపర్ సగం రాశాను. గైడ్ ఒకే ఒక మాట అన్నారు: "ఎంజైమ్ తీసేసి కూడా ఒకసారి నడిపావా?" నడపలేదు. ఆ రాత్రి నడిపాను. ముడి రకం గుర్తుపట్టడానికి అలెగ్జాండర్ పాలినోమియల్ అనే లెక్క వాడతాం. అందులో -1 పెడితే ముడి లేని వలయానికి 1, మూడు దాటుళ్ల (పోగు మీద పోగు పడిన చోట్ల) ముడికి 3 వస్తుంది. మూడు దాటుళ్ల ముడితో మొదలుపెట్టాను. ఎంజైమ్ లేదు, కోసేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి పొద్దున దాకా 3 అలాగే ఉండాలి. పొద్దున నాలుగింటికి చూస్తే స్క్రీన్ మీద 3, 3, 3, 3, ఆ తర్వాత వరసగా 1.

కంప్యూటర్ లెక్కలో ఒక్కో గెంతుకి ముందుకు జరిపే సమయాన్ని, అంటే టైమ్ స్టెప్‌ని, నేను పెద్దది పెట్టాను. గొలుసు ముక్కలు ఒక్క గెంతులో ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతున్నాయి. దయ్యం గోడలోంచి పోయినట్టు. ఎనిమిది నెలల గ్రాఫుల్లో ఎంజైమ్ చేసిందేదో, నా తప్పు చేసిందేదో విడదీయడానికి వీల్లేదు. అంతా పారేయాల్సి వచ్చింది. గైడ్ తిట్టలేదు. "ఇప్పుడు తెలిసింది కదా, పేపర్ అచ్చయ్యాక తెలిసుంటే?" అన్నారంతే. ఇప్పుడు నా దగ్గర చేరే ప్రతి పిల్లకీ పిల్లాడికీ నేను పెట్టే మొదటి పని అదే, ఎంజైమ్ లేకుండా నెల రోజులు నడిపి 3ని 3గా ఉంచి చూపించడం.

మనసు బాగోలేక ఆ దసరాకి ఇంటికొచ్చాను. వాకిట్లో అమ్మ, పక్కింటి వాళ్లు బతుకమ్మ పేరుస్తున్నారు, తంగేడు, గునుగు పూలు కుప్పలుగా. లోపల బాపమ్మ ఒళ్లో ఎర్ర చిలప, చెయ్యి పెట్టడానికి సందు లేనంత చిక్కు. సాయం చేద్దామని ఒక పోగు పట్టి లాగాను.

"గుంజకు బిడ్డా, ముడి బిగుస్తది."

చెయ్యి తీసేసి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక పోగు పట్టుకుని దాని వెంట పోవడం లేదు. చూపున్న వాళ్లం అయితే అదే చేస్తాం, కొన వెతుక్కుని దాని దారి పట్టుకుపోతాం. ఆమె వేళ్లు చిక్కు మీద ఆగుతూ ఆగుతూ తిరుగుతున్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగులు ఒకదాని మీద ఒకటి పడిన చోటు పట్టుకుని, నలిపి చూసి, వదిలేసి, ఇంకో చోటికి పోతోంది. ఒక్కోచోట ఆగి, అక్కడ సందు చేసి దాటిస్తోంది.

"నీకు కనబడదు గద బాపమ్మా, ఏది విప్పాల్నో ఎట్ల తెలుస్తది?"

"ఊకె ఒకదాని మీద ఒకటి పడ్డ పోగులు సాపుగుంటయ్ బిడ్డా. ముడి ఉన్నకాడ రెండూ వంగి, ఒకదాన్నొకటి కొక్కెం లెక్క పట్టుకుంటయ్. ఏలికి తెలుస్తది."

నా వేలు పట్టుకుని తన వేళ్ల మధ్య పెట్టింది. మొదట ఒక దాటు: రెండు పోగులూ తిన్నగా, అడ్డంగా, ఎవరి దారిన వాళ్లు పోతున్నట్టు. తర్వాత ఇంకోటి: రెండూ వంగి, ఒకదాని కడుపులో ఒకటి దూరి, బిగువుగా. తేడా అంత చిన్నది, అంత స్పష్టమైనది. మొత్తం చిక్కు తెలియక్కర్లేదు. వేలి కొసంత చోట్లో ఉన్న వంపు చూస్తే చాలు, ఎక్కువసార్లు సరిపోతుంది. మొత్తం మీద ముడి ఉంటే ఆ గుర్తు చిన్నచోట్లోనూ ఎక్కడో అక్కడ పడి తీరుతుంది. బయట పాటలు వినబడుతున్నాయి. నేను పాత నోట్‌బుక్ వెనక పేజీలో ఆ రెండు దాటుళ్ల బొమ్మలు గీసుకుంటున్నాను.

బెంగళూరు తిరిగి వెళ్లి ఆ నియమం పెట్టాను. తప్పు సరిదిద్దిన కోడ్‌లో, వంగి ఒకదాన్నొకటి పట్టుకున్న చోట్ల మాత్రమే కోసే ఎంజైమ్. ముడులు తగ్గాయి, ఈసారి నిజంగా. అప్పటికే 2001లో వోలోగాడ్‌స్కీ వాళ్లు ఎంజైమ్ తాను పట్టుకున్న ముక్కను తానే వంచి, ఆ వంపు లోపలి నుంచి బయటికి దాటిస్తుందని ఒక మోడల్ ఇచ్చి ఉన్నారు. నాది దానికి దగ్గరిది, కానీ వేరే. పేపర్ రాయడానికి కూర్చున్న రోజుల్లోనే, 2004లో, బక్, జెకీడ్రిక్ అనే ఇద్దరి పేపర్ వచ్చింది. కొక్కేల్లా వంగిన దాటుళ్లను ఎంజైమ్ గుర్తుపడుతుందన్నదే వాళ్ల ప్రతిపాదన. నేను బొమ్మలు గీసుకున్న మాటే. ఆ రోజు హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఎవరి తప్పూ లేదు, వాళ్లు వాళ్ల దారిలో ముందుగా చేరారు. నా థీసిస్‌లో అది ఒక అధ్యాయంగా మిగిలింది. వాళ్ల మోడల్‌ని వేడి కుదుపులున్న గొలుసు మీద పరీక్షించిన పనిగా రాసుకున్నాను. థీసిస్ ముందుమాటలో బాపమ్మకు కృతజ్ఞతలు చెప్పాను. ఎందుకో వివరం రాయలేదు, ఎగ్జామినర్లు ఏమనుకుంటారోనని. ఇప్పుడైతే రాసేదాన్ని.

ఇక్కడ ఒక విషయం ఆపి చెప్పాలి. గుర్తుపట్టడం ఒక్కటే చాలదు. వేడి ఒక్కటే నడిపించే చోట ఏ ఎంజైమ్ అయినా ముడుల్ని సమతాస్థితి కంటే, అంటే యథాలాపంగా దాటుకుంటూ పోతే నిలబడే ఆ నిష్పత్తి కంటే, తగ్గించలేదు. ఎంత తెలివైనదైనా సరే, థర్మోడైనమిక్స్ ఒప్పుకోదు. బయటి నుంచి శక్తి ఖర్చు కావాలి. ఆ ఖర్చే ఏటీపీ. కణంలో ఒక ఏటీపీ విరిగితే వచ్చే శక్తి నేను పైన చెప్పిన వేడి కుదుపుకి సుమారు 20 రెట్లు. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టిన వాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి చేశారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనిపెట్టారు. నేను ఎక్కడ క్లాసు చెప్పినా ఏటీపీ దగ్గరికి రాగానే ఆయన పేరు చెప్పకుండా ముందుకు పోను. తెలుగు పిల్లలు మన హైస్కూలు పుస్తకాల్లోనే ఆ పేరు చూడాలని నా కోరిక.

ఆ శక్తి ఎలా పనికొస్తుందో చెప్పే ఇంకో మోడల్ 1999లో యాన్, మాగ్నాస్కో, మార్కో ఇచ్చారు. వాళ్ల లెక్కలో ఎంజైమ్ ఒకసారి తగిలిన పోగును వెంటనే దాటించదు. మొదటిసారి తగిలితే ఏటీపీ ఖర్చుతో సిద్ధమవుతుంది, కొద్ది సమయంలో రెండోసారి కూడా తగిలితేనే దాటిస్తుంది. ముడిపడిన దారంలో పోగులు మళ్లీ మళ్లీ తగులుతాయి కాబట్టి రెండోసారి పరీక్షకు నిలబడేవి ఎక్కువగా నిజమైన ముడులే. ప్రూఫ్‌రీడింగ్ అంటారు దీన్ని. అప్పట్లో నాకు ఈ మోడల్ అంతగా నచ్చలేదు. వేలికి తెలిసేదే చాలనిపించేది.

పీహెచ్‌డీ అయ్యాక 2007లో పోస్ట్‌డాక్‌కి జర్మనీలో డ్రెస్డెన్ వెళ్లాను. ఎల్బే నది, మంచు, ఒంటరితనం. మంచి పని జరిగింది. 2008 ఫిబ్రవరిలో బాపు ఫోన్ చేసి బాపమ్మ పోయిందని చెప్పాడు. టికెట్ దొరికి బయల్దేరేసరికి ఎలాగూ అన్నీ అయిపోతాయని రావద్దన్నాడు. రాకపోవడం తప్పు చేశానని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత రెండేళ్లు ఫ్రాన్స్‌లో. అక్కడ ఒక ల్యాబ్‌లో మాగ్నెటిక్ ట్వీజర్స్ మొదటిసారి నా కళ్లతో చూశాను. 1996లో పారిస్‌లో స్ట్రిక్, బెన్సిమోన్, క్రోకెట్ వాళ్లు ఒకే ఒక డీఎన్‌ఏ అణువుకి పురి ఎక్కించి కొలిచిన పద్ధతి. డీఎన్‌ఏ ఒక కొన గాజుపలకకి, ఇంకో కొన కొన్ని మైక్రాన్ల అయస్కాంతపు పూసకి అతికిస్తారు. రెండు కొనలూ పట్టుకున్నట్టే. పైన అయస్కాంతం తిప్పితే పూస తిరుగుతుంది, పూసతోపాటు డీఎన్‌ఏకి పురి ఎక్కుతుంది. స్క్రీన్ మీద పూస చుట్టూ నీళ్లలో రాయి వేసినట్టు వలయాలు కనబడతాయి. ఆ వలయాలను బట్టి పూస ఎంత ఎత్తులో ఉందో కొలుస్తారు. అక్కడి అమ్మాయి అయస్కాంతం తిప్పుతూ పోయింది. కొన్ని చుట్ల వరకు ఏమీ కాలేదు. ఆ తర్వాత పూస ఒక్కసారి కిందికి దిగింది, అక్కడి నుంచి ప్రతి చుట్టుకీ కొన్ని పదుల నానోమీటర్లు. తోక లేచింది! రాట్నం దగ్గర నేను చేతులు దగ్గరికి తెచ్చినప్పుడు లేచిన ఆ తోకే. నేను తెలుగులో ఏదో అన్నాను, ఆ అమ్మాయి తిరిగి చూసింది. నా చేతిసంచీలో ఎప్పుడూ ఉండే దారం తీసి ఆమెకు చేసి చూపించాను. అప్పటి నుంచి ఆ ల్యాబ్‌లో కొత్తవాళ్లకి ముందు దారమే ఇస్తున్నారని తర్వాత మెయిల్ రాసింది.

ఉద్యోగాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇండియాలో పదకొండు చోట్ల అప్లై చేశాను, మూడు చోట్ల పిలిచారు. ఒకచోట ఫిజిక్స్ వాళ్లు ఇది బయాలజీ అన్నారు. ఇంకోచోట బయాలజీ వాళ్లు మీకు సొంత ల్యాబ్ లేదు కదా అన్నారు. ఇంకోచోట పాపకి ఎన్నేళ్లు, ఎవరు చూసుకుంటారు అని అడిగారు, మా ఆయన్ని ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటారా? చివరికి 2013లో హైదరాబాద్‌లో దొరికింది. ఇప్పుడు నా దగ్గర నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులున్నారు, అందులో ఒకరు పరకాల నుంచి వచ్చిన అమ్మాయి. జీన్లను చదివే యంత్రం డీఎన్‌ఏ మీద నడుస్తుంటే దాని ముందు పురి పెరిగి వెనక పురి తగ్గుతుందని 1987లో లియు, వాంగ్ చెప్పారు. అలా పక్కపక్క జీన్లు ఒకదానితో ఒకటి పురి ద్వారా ఎలా మాట్లాడుకుంటాయో మేమిప్పుడు లెక్కలు వేస్తున్నాం. ఆ ముచ్చట ఇంకోసారి రాస్తాను.

పోయిన నెల సంగతి. హనుమకొండ కాలేజీలో ఎనభై మంది పిల్లలు, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు. తెలుగులోనే చెప్పాను. కొత్తవాడ నుంచి తెచ్చిన ఎర్ర నూలు చిన్న చిన్న కట్టలుగా పంచాను, కావాలనే చిక్కు చేసి. కళ్లు మూసుకుని విప్పమన్నాను. పావుగంట హాలంతా నిశ్శబ్దం. కొందరు విప్పారు, చాలామంది తెంపారు. బాపమ్మ సంగతి, కొక్కేల సంగతి, ఎంజైమ్ సంగతి చెప్పాను. చివర్లో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, మీ బాపమ్మ ఎన్నిసార్లు తప్పు పోగు తెంపేది?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా ఆమె గురించి చెబుతున్నాను, ఎంజైమ్ తప్పుల శాతం నాకు నోటికొచ్చు, ఆమె తప్పుల గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. "మా బాపుని అడిగి చెప్తాను" అన్నాను.

మీటింగ్ అయ్యాక ఆటోలో కొత్తవాడ వెళ్లాను. బాపుకి డెబ్బై ఆరేళ్లు. మగ్గం నడవడం ఆగి చాలా కాలమైంది. వరంగల్ జంపఖానాలకి 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు పేపర్‌లో బొమ్మ చూసి మురిసిపోయాడు కానీ, అప్పటికి మా మగ్గం మీద బట్టలు ఆరేసుకుంటున్నాం. మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అడిగాను.

కప్పు కింద పెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు.

"చానసార్లు" అన్నాడు. "కండ్లు పోయినంక పది చిలపలల్ల రెండు మూడిట్ల తప్పులుండేటివి. తప్పు పోగు తెంపి, తప్పు దానికి అతికేది. మగ్గం మీద పెడ్తె తెలిసిపోతది గద."

"మరి?"

"ఆమె పండుకున్నంక రాత్రి దీపం పెట్టుకుని నేను ఇంకోసారి చూసేటోన్ని. సరిజేసి పొద్దుగాల్ల మళ్ల ఆమె పక్కన పెట్టేటోన్ని. మీ అమ్మకు తెల్సు. ఆమెకైతె చెప్పలె."

ఆరేళ్లు. నేను నోట్‌బుక్‌లో బొమ్మలు గీసుకున్న ఆ ఎర్ర చిలప కూడా అంతేనా అని అడుగుదామనుకున్నాను, అడగలేదు. బాపు కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు, టీ చల్లారిపోయింది, అమ్మ ఇంకో కప్పు తెచ్చింది.

ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో ఫోన్ తీసి 1999 నాటి ఆ పేపర్ మళ్లీ మొదటి నుంచి చదివాను. జనగామ దాటేసరికి రెండోసారి తగలడం గురించిన పేజీలోకి వచ్చాను.